ఫెబా వంతు

మా కృష్ణానగర్ బిల్డింగ్‌లో పై వాటాలో ఉండే తబిత పక్కన కూర్చుంటే మన మాట మనం పూర్తి చెయ్యనక్కర్లేదు. కూరలో అంటామో లేదో, ఉప్పు ఎక్కువైందా అని అందించేస్తుంది. నాకు ఒళ్లు మండేది. కానీ ఆమె ఉద్యోగమే అది. ఫిల్మ్‌నగర్‌లో తీసే టీవీ సీరియళ్లకు ప్రాంప్టర్. తెలుగు రాని హీరోయిన్లకు కెమెరా వెనక నిలబడి డైలాగు అందించాలి. మధ్యలో కాస్త ఖాళీ వచ్చిందంటే డైరెక్టర్ తిట్లు తబితకే.

ఆమె కూతురు ఫెబాకు మూడేళ్లు. మాట లేదు, పిలిస్తే చూడదు. ఆటిజం అని డాక్టర్ చెప్పాక తబిత కొన్నాళ్లు ఏడ్చి, చివరికి యూసుఫ్‌గూడలో తల్లులకు శిక్షణ ఇచ్చే సెంటర్లో చేరింది. చిన్నప్పుడే మొదలుపెడితే మేలని, రోజంతా పిల్లతో ఉండేవాళ్లే నేర్చుకోవాలని అక్కడ చెప్పారట. తబితకు ఉన్నది ఒకటే ఆశ. ఫెబా తనంతట తాను అమ్మను ఏదైనా అడగాలి. మంచినీళ్లయినా సరే.

అక్కడ నేర్పే కుసుమకుమారి మేడమ్ సబ్బునీళ్ల బుడగలతో మొదలుపెట్టింది. కాసిని బుడగలు ఊది, మూత గట్టిగా బిగించి, సీసా పిల్ల చేతికిచ్చి, మాటతోనో సైగతోనో తనే అడిగేదాకా ఊరుకోవాలి. అంతే పని. అది తబిత వల్ల అయితే కదా. మూత బిగిసేలోపే ఊదమ్మా అను, ఇంకా కావాలి అను అంటూ సీనంతా తనే చెప్పేసి, తనే తీసి ఊదేసేది. ఫెబా గోడవైపు తిరిగిపోయేది.

మేడమ్ ఆ ఆటను ఫోన్లో తీసి చూపించింది.

"బిడ్డ డైలాగు సుత నువ్వే చెప్తున్నవ్ తబితా. ఆమె వంతు ఎప్పుడొస్తది? జర ఆగు."

తబితకు కోపం వచ్చింది. నోరు మూసుకుని కూర్చుంటే పిల్లకి మాటలెలా వస్తాయండీ అని అక్కడే అడిగేసింది. ఆటోలో దారంతా విసుక్కుని, మా గుమ్మంలో నిలబడి ఇంకో విడత విసుక్కుంది. ఉన్నట్టుండి ఏడ్చింది.

"అది అడగకపోవడం కాదక్కా. నేనే అడగనివ్వలేదేమో."

పిల్లకు ఆటిజం నీ వల్ల రాలేదు, ముందు ఆ ఏడుపు ఆపమని కసిరాను. కసరడం తప్ప ఓదార్చడం నాకు చేతకాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక తల్లీకూతుళ్లు మా వరండాలో కూర్చున్నారు. తబిత బుడగలు ఊదింది, మూత బిగించింది, సీసా ఫెబా చేతిలో పెట్టింది. ఫెబా దాన్ని తిప్పింది, ఊపింది, కొరికింది. తబిత పెదాలు కదులుతున్నాయి. చున్నీ చివర నోట్లో కుక్కుకుంది. చూస్తున్న నాకే ఏదో ఒకటి అందించాలనిపించింది.

ఫెబా తల్లి చెయ్యి లాగి మూత మీద పెట్టింది. తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

తబిత మూత తీసింది. ఏడుపులో సరిగా ఊదలేకపోయింది, ఒక్క బుడగే వచ్చింది. మూత మళ్లీ బిగించి ఊరుకుంది. ఆ బుడగ పగిలిపోగానే ఫెబా మళ్లీ తల్లి చెయ్యి పట్టుకుంది.