బాపు బస్సులో కండక్టరమ్మ

సోమవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "కండక్టరమ్మ పోయిందే. గుండె ఆగిందట" అన్నది. నా నోట మొదట వచ్చిన మాట, "బాపు ఏం చేస్తుండు?" అని. ఆమె పోయిందన్న బాధకన్నా బాపు ముఖం చూడాలన్న ఆరాటమే ముందు పుట్టింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

బాపు బస్సు డ్రైవర్. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆమె కండక్టర్‌గా ఆయన బస్సెక్కింది. నారాయణపేట నుంచి మహబూబ్‌నగర్‌కు ఐదేళ్లు ఇద్దరిదీ ఒకటే డ్యూటీ. ఆమెను మొగుడు వదిలేశాడు. అనుమానించడానికి నాకు ఆ ఒక్క సంగతి చాలింది. బాపు కొత్త చొక్కా వేసుకున్నా, కూనిరాగం తీసినా ఆమె కోసమేననుకునేదాన్ని. ఆయన ఫోన్‌లో ఆమె పంపిన మెసేజ్‌లు దొంగతనంగా చూశాను. "రేపు డ్యూటీ ఐదింటికి", "షుగర్ గోలీ వేసుకున్నవా" - అంతే. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. మిగతావి చెరిపేస్తున్నాడేమో!

అమ్మతో చెబితే, "నీకేం పని లేదా?" అని కసిరింది.

డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు ముఖానికి స్కార్ఫ్ చుట్టుకొని ఆ బస్సే ఎక్కి, వెనక సీట్లో కూర్చున్నాను. ఆమె నావైపు సరిగా చూడకుండానే టికెట్ కొట్టి ముందుకు పోయింది. మేకపిల్లను చంకనెత్తుకొని ఉరికొస్తున్న ఒక అవ్వ కోసం బస్సు ఆపించింది. బాపుతో మాత్రం మరికల్ దాకా ఒక్క మాట లేదు. అక్కడ చాయ్ బండి దగ్గర బాపు మిర్చి బజ్జీ అందుకోబోతే చేతిమీద ఒక్కటిచ్చింది. "నీ షుగర్ సంగతి నీ పెండ్లానికి చెప్పాల్నా?" బాపు పగలబడి నవ్వాడు. ఇంట్లో అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నా ఒళ్లు మండిపోయింది.

మహబూబ్‌నగర్‌లో బాపుతో సహా అందరూ దిగాక ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "స్కార్ఫ్ తియ్యి బిడ్డా, ఉక్క పోస్తది. ఎక్కినప్పుడే గుర్తుపట్టిన. ఏం అడగాలనుకున్నవో అడుగు."

"మా బాపు అంటే నీకు ప్రేమనా?"

ఆమెకు కోపం రాలేదు.

"ప్రేమనే. గాని నువ్వనుకునేది కాదు. గా ప్రేమ నా మొగని మీద ఉండె. ఆయన ఎవలతోని మాట్లాడినా కడుపుల మంట లేసేది. జర లేటైతే దర్వాజ కాడనే నిలవడేదాన్ని. మొన్న మీ బాపు మీ అమ్మకు చీర కొన్నడు. రంగు నేనే చూసిచ్చిన. నాకు ఏ మంటా లేదు. గదే ఫరక్."

అయినా నమ్మలేదు. ఇంత చక్కగా మాట్లాడేవాళ్లు అబద్ధం కూడా చక్కగానే ఆడతారనుకున్నాను. కానీ ఆ రోజు సంగతి ఆమె బాపుకు ఎన్నడూ చెప్పలేదు. నా పెండ్లికి వచ్చి, "మొగడు దొరికిండు. ఒక దోస్తును గూడ సంపాయించుకో బిడ్డా" అని తల నిమిరింది. ఆ మాటలోనూ ఏదో వెతుక్కున్నాను.

ఆమె అంత్యక్రియలకు అమ్మ, బాపు, నేను ముగ్గురం కొత్తకోట దగ్గర ఆమె సొంతూరికి పోయాం. దారి మధ్యలో పాడె దింపి, వాడుక ప్రకారం అయినవాళ్లు చెవిలో పిలిచారు. తమ్ముడు మూడుసార్లు "అక్కా" అన్నాడు. తర్వాత బాపును రమ్మన్నారు. బాపు మోకాళ్ల మీద కూర్చొని ఆమె చెవి దగ్గరకు వంగాడు. ఏమని పిలుస్తాడో విందామని నేను రెండడుగులు ముందుకు జరిగాను. డప్పుల మోతలో ఏమీ వినపడలేదు.

బాపు లేచాడు. అమ్మ నన్ను దాటుకొని పోయి, అందరి ముందూ వంగి, ఆయన మోకాళ్లకంటిన ఎర్రమట్టిని కొంగుతో మెల్లగా దులిపింది.