జీడి గీతల పులి

మా చిన్నతనంలో పీర్ల పండుగంటే మాకు పులులే... పీర్లు లేచే రోజు పొద్దున మా ఊళ్ళో డప్పు ముందు పది పులులైనా గంతులేసేవి. బోధన్ చెరకు బండ్ల మధ్య పెరిగిన మాలో అసలు పులిని చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా పులి ఎలా నడవాలో అందరికీ తెలుసు.

ఒంటికి పూసే రంగులన్నీ ఇంట్లోవే. నువ్వుల నూనెలో పసుపు కలిపితే పులి ఒళ్ళు... దీపం మసి నూరితే చారలు. వేషం కట్టే ముసలాయన ముందురోజు సాయంత్రమే ప్రతి పిల్లవాడి మోచేతి మడతలో ఒక రంగు చుక్క పెట్టేవాడు. తెల్లారి దద్దు లేకపోతేనే ఒళ్ళంతా పూసేవాడు.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను, ఓపిక పట్టండి... మా బాపు ఊరి చాకలి. ఇరవై ఇళ్ళ బట్టలు ఒకే రేవులో ఉతికితే ఎవరివి ఎవరివో తెలియాలి కదా. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట లోపలి అంచున గుర్తు పెట్టేవాడు. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి అడ్డగీత, ఒకరికి కాకి కాలు. ఎన్నిసార్లు ఉతికినా పోదు. నేను బడికి పోయింది మూడేండ్లే... నా మొదటి అక్షరాలు ఆ గుర్తులే.

గింజ ముట్టేముందు బాపు చేతులకు నూనె రాసుకునేవాడు. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఎందుకో మేం అడగలేదు. పెద్దవాళ్ళు దేనికీ కారణం చెప్పని కాలం అది.

సత్తిబాబు నా దోస్తు. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొన్న రైతులు. మా ఊరి పులి కావాలని వాడికి ప్రాణం. ముందటేడు చెమటకు మసి కారి ఒళ్ళంతా మరకలైతే, "ఆంధ్రా పులి గింతేరా, మసిల పడ్డ పిల్లి" అని ఊరంతా నవ్వింది. ఈసారి కారిపోని నలుపు కావాలన్నాడు.

కారిపోని నలుపు మా ఇంట్లో కాక ఇంకెక్కడుంది...

బాపు చూడకుండా నాలుగు గింజలు తీశాను. నేనూ మరీ తెలివితక్కువవాణ్ణి కాదు. ముసలాయన పద్ధతి ప్రకారం సాయంత్రమే చుక్క పెట్టి, తెల్లారి చూశాను. దద్దు లేదు, దురద లేదు.

చుక్క పెట్టింది మాత్రం నా మణికట్టు మీద.

చెరకు తోట గట్టున కూర్చోబెట్టి, చీపురు పుల్లతో వాడి చేతులకు, ఛాతీకి, వీపుకు చారలు గీశాను. ఆ రోజు వాడు ఆడిన ఆట... చెమట ధారలు కట్టింది, ఒక్క చార కదలలేదు. ముందటేడు నవ్విన పెద్దలే "పులంటే గీడురా" అన్నారు.

సాయంత్రం వాళ్ళమ్మ రంగు వదలాలని వేడినీళ్ళు పోసి పీచుతో రుద్దింది. రెండో రోజుకు ఒళ్ళు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ఎక్కడ చూసినా నీటి పొక్కులు. అమ్మవారు పోసిందనుకున్నారు. అమ్మవారు ఇంట్లో ఉంటే మందు వేయరు కదా... వేపాకు పరిచి పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టారు.

అది అమ్మవారు కాదని ఊళ్ళో నా ఒక్కడికే తెలుసు. నోరు విప్పలేదు. చెబితే బాపు చంపుతాడని, ఆ ఇంటి బట్టలు మాకు పోతాయని... భయం, ఇంకేం లేదు.

నాలుగో రోజు బాపు ఉతికిన బట్టలు ఇవ్వడానికి పోయి, వాకిట్లోంచే వాణ్ణి చూశాడట.

"అమ్మవారు గిట్ల గీతలు గీసినట్టు పొయ్యదమ్మా," అన్నాడట. "గిది జీడి. మా ఇంటి జీడి."

ఆ చివరి మాట అనకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. అయినా అన్నాడు.

ట్రాక్టరు మీద నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. అప్పటికే పొక్కులకు చీము పట్టింది. ముందే తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని డాక్టరు అన్నాడట. బాపు నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

పది రోజులకు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. కట్లతో పడుకున్న సత్తిబాబు నా మణికట్టు మీది చుక్కనే చూశాడు.

"నీకేం కాలేదేంట్రా?" అన్నాడు.

కోపంగా కాదు... నిజంగా తెలుసుకోవాలని. ఒకరికి ఏమీ చేయని రసం ఇంకొకరి చర్మాన్ని వలిచేస్తుందని చాలా ఏండ్ల తర్వాత పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక పుస్తకంలో చదువుకున్నాను.

వాడు బతికాడు. కుడి మోచేయి మాత్రం మళ్ళీ పూర్తిగా చాపలేకపోయాడు. ఆ మడత మీదే నేను అన్నిటికంటే లావు చార గీశాను. ఎండాకాలంలో కూడా వాడికి పొడుగు చేతుల చొక్కానే. వాళ్ళమ్మ మాకు బట్టలు వేయడం మానలేదు, "గుర్తు మాత్రం పెట్టకు" అంది. బాపు అప్పటినుంచి ఊరందరి బట్టలకూ రంగు దారం కుట్టాడు.

మొన్న మనవరాలి పెళ్ళికి గోరింటాకు కోన్లు పెట్టే అమ్మాయి వచ్చింది. గంటలో నల్లగా పండుతుందట. గోరింటాకు ఎర్రగా పండుతుంది గానీ నల్లగా ఎట్లా అని అడిగితే, "గిది న్యాచురల్ తాతా, ఏం గాదు" అంది.

"జీడి గూడ చెట్టుకు కాసిందే బిడ్డా," అన్నాను.

నవ్వారు. ముందు కొంచెం పెట్టి ఒక్కరోజు ఆగమంటే, అంత టైం ఎవరికుంది అన్నారు. పెట్టుకున్నారు... ఏమీ కాలేదు, దేవుడి దయ. పెళ్ళి రెండు రోజులూ నేను మాత్రం మంటపం చూడలేదు, మనవరాలి చేతులే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు పండిన చేతుల ఫోటోలు అందరూ పెడుతున్నారు. ఒంటికి పడనివాళ్ళ గురించి ఎవరూ రాయరు. మీ చిన్నప్పుడు అలాంటివాడు ఒకడుంటే రాయండి... ఆ రోజు మీరు నోరు విప్పారో లేదో, అది కూడా.