మొక్కుకున్న దూడకు మందు

మూఢనమ్మకాల మీద నేను మాట్లాడిన సభలకు లెక్కలేదు. మా అప్ప పశువుల సాలలో ఆ ఉపన్యాసాలు ఒక్కటీ అక్కరకు రాలేదు.

డెబ్బైల చివర్లో ఉక్కు కర్మాగారానికి ఊరి భూములు పోయాక అప్పా బావా పద్మనాభం ఊరి వైపు మారారు. ఆవునూ, దాని కోడెదూడనూ రెండు రోజులు ఎండలో నడిపించుకుని వెళ్లారు. బావకు ఇంకా పని దొరకలేదు. ఇల్లు గడిచేది ఆ ఆవు పాలతోనే. నాటు ఆవు, దూడ పక్కన లేకపోతే పాలు చేపదు. దూడ పోతే పాలూ పోయినట్టే.

ఆ దూడ లేవడం లేదని కబురొస్తే, పశువుల ఆసుపత్రి కాంపౌండరును వెంటబెట్టుకుని వెళ్లాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. దూడ పొట్ట కుండలా ఉబ్బింది, బొచ్చు గరుకెక్కింది, వెనక కాళ్ల నిండా పారుడు. ఆయన పేడను పుల్లతో కెలికి చూశాడు.

"కడుపులో నట్టలండి. ఇదివరకూ కాసిని ఉండే ఉంటాయి. నడకా, ఎండా, కొత్తచోటు బెంగా కలిసి దూడ నీరసించింది. పురుగు బలిసింది" అన్నాడు.

అప్ప అడ్డంగా నిలబడింది. "మందు పొయ్యకండి బాబూ. ఊరొదిలిన్నాడే సింవాద్రప్పన్నకి మొక్కీసినాను. మొక్కిన దూడకి మందు పోత్తే ఎంగిలైపోద్ది."

మా ఇళ్లలో ఆ పట్టింపు ఉంది. సింహాచలం అప్పన్న గుడికి ఇస్తామని మొక్కుకున్న దూడను కొట్టరు, కాడి కట్టరు, మందు పొయ్యరు. మొదటి రెండూ దయ. మూడోది హత్య. నేను ఊరుకోలేకపోయాను.

"అప్పన్న పేరు సెప్పి దూడని సంపుతన్నావప్పా."

"నీకు దేవుడే లేడు కద తమ్ముడా, దేవుడి దూడతో నీకేటి పని? ఎల్లి మీటింగెట్టుకో."

కాంపౌండరు నవ్వు ఆపుకున్నాడు. "అమ్మా, ఇంటికి చుట్టమొస్తే పురుగుపట్టిన బియ్యం అలాగే వండేస్తారేంటండి? చెరిగి, ఏరి వండుతారు. స్వామికిచ్చే దూడా అంతే కదండీ."

ఆ మాట నాకు బొత్తిగా నచ్చలేదు. ఒక మూఢత్వానికి ఇంకో మూఢత్వాన్ని ఊతంగా పెట్టడమే అది. ఖండించబోయి దూడ వైపు చూశాను. తల నేలకు వాల్చేసింది. గెలవగలిగి కూడా నేను వదిలేసిన మొదటి వాదం అదే.

అప్ప దూడ పక్కన కూచుని దాని పొట్ట మీద చెయ్యి వేసింది. "ఏరడమంటే మందేనేటి?"

"మందేనమ్మా. ఇప్పుడే కాదు. ముందు ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు, పల్చటి గంజి. కాస్త తేరుకోవాలి."

రెండు రోజులయ్యాక తల మరీ పైకెత్తకుండా పట్టుకుని వెదురు గొట్టంతో మందు పోశారు. మర్నాడు పేడలో తెల్లగా సేమ్యాల్లాంటి పురుగులు. "ఇంత బొజ్జలో ఇన్నేటిరా" అని అప్ప పుల్లతో కెలుకుతూనే ఉంది.

మూడు వారాలకు మళ్లీ ఒక మోతాదు పొయ్యాలన్నాడు. పేడ సాలకు దూరంగా గోతిలో వెయ్యాలనీ, అన్ని మందలూ తొక్కే చెరువు గట్టు తడిగడ్డి మేపొద్దనీ చెప్పాడు. అప్ప అవన్నీ ఏకాదశి ఉపవాసం కంటే నిష్ఠగా పాటించింది. ఆ వీధికి కొత్తగా పశువులతో ఎవరు దిగినా ముందు వెళ్లి పేడ చూసేది. "నడిపించీసి తెచ్చినారు కదా, నట్టల మందు పోయించినారా?" అని నిలదీసేది. నా సభల్లో ఏ శ్రోతా అంత త్వరగా మారలేదు.

ఏడాది దాటింది. ఆవు మళ్లీ చూలు కట్టింది. మొక్కు తీర్చడానికి అప్ప దూడతో సింహాచలం బయలుదేరింది, తోడుకి నేనూ వెళ్లాను. గుట్ట కింద దూడ తాడు లాక్కుంటూ పరుగు లంకించుకుంది.

"తాడట్టుకో తమ్ముడా, నాను ఆపలేకపోతన్నాను."

పట్టుకున్నాను. అది నన్ను అంగళ్ల మధ్య నుంచి ఈడ్చుకుపోయింది. ఒక ముసలాయన పక్కకు తప్పుకుంటూ, "ఏటి మొక్కు బాబూ, ఇంత ఆత్రం?" అన్నాడు. నేను తాడు వదలకుండా దూడ వెంట గుట్ట వైపే పరిగెత్తాను. వెనక అప్ప నవ్వుతూనే ఉంది.