ఓనరు గారి సీటు

తొంభైల చివర్లో, పిన్ని గృహప్రవేశానికి పట్టుచీర తీసుకుని అనంతపురం నుంచి కృత్తివెన్ను వెళ్లాను. బస్సు దిగి రొయ్యల చెరువుగట్టు మీద నడుస్తుంటే కుండపోత వాన మొదలైంది. గట్టు పక్కన తుప్పుపట్టిన అంబాసిడర్ కారు కనిపిస్తే పరుగెత్తి తలుపు లాగాను. నాలుగు తలుపులకీ తాళాలే. చీర తడుస్తుందన్న భయంతో అద్దం పగలగొడదామని రాయి తీశాను.

"ఆగండి బాబూ, వెనక డిక్కీలోంచి రండి," అని లోపలి నుంచి ఒక పెద్దావిడ పిలిచింది.

డిక్కీకీ వెనక సీటుకీ మధ్య అడ్డు లేదు. పాక్కుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"కారు మీదేనా అమ్మా?"

"కాదండీ. చెరువులో నష్టమొచ్చి ఆయనెవరో వదిలేసి వెళ్లిపోయారు. తాళాలు, కాగితాలు ఆయన దగ్గరే ఉన్నాయి. పరాయివాళ్ల కారు, తలుపులు పగలగొడితే తప్పు కదండీ."

ఇరుకుగా ఉందని ముందుకు జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడొద్దు బాబూ. అది ఓనరు గారి సీటు. ఆయనొస్తే బాగోదు."

సిగ్గుపడి వెనక్కి తగ్గాను. ఇంతలో ఆమె కాళ్ల దగ్గర ముడుచుకున్న కోడిపెట్ట ఒకటి ఎగిరి వెళ్లి స్టీరింగు ముందు దర్జాగా కూర్చుంది.

నేను ఆమె వైపు చూశాను.

"దానికీ చెప్పానండీ, వినడం లేదు," అంది.