ఐలయ్య చేసిన చప్పుడు

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు నార్సింగి సర్వీసు రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. బండి ఒకటి వస్తుంది. రావడమేమిటి, పేలుతూ వస్తుంది. వెనక గొట్టంలోంచి టపటపమని మోతలు, మధ్యమధ్య మంట. పైన కూర్చున్నవాడి మొహంలో రాజ్యం గెలిచినంత సంబరం. పక్కన స్కూటీ మీద పోతున్న ఆవిడ అదిరిపడి రోడ్డు అంచుకు జరుగుతుంది. ఆటోలో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. వాడికేమీ పట్టదు. ఇంతా చేస్తే ఆ బండి సరిగ్గా పరుగెత్తదు. వాడు కొన్న రోజున షోరూములోంచి వచ్చినప్పుడే అంతకంటే బాగా పరుగెత్తేది. ఈ సంగతి వాడికి తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని అలా తయారుచేసి పంపింది మా ఐలయ్య.

నా పేరు భాస్కర్. ఐలయ్య మెకానిక్ షెడ్డు పక్కనే నాకు లేత్ మిషన్ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా అతని ఇంజన్ ముక్కలు గీకేది నేనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఐలయ్య అంటే చప్పుడు బండ్ల మేస్త్రీ అని జనం అనుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

ఐలయ్య పుట్టింది నార్సింగిలోనే. ఆ షెడ్డు ఒకప్పుడు వాళ్ల నాయన బర్రెలు కట్టేసిన కొట్టం. చుట్టూ ఆకాశం కనపడకుండా టవర్లు లేచాయి, పొలాలు పోయాయి, కొట్టం మాత్రం మిగిలింది. గడ్డి వేసే తొట్టిలో ఇప్పుడు పాత పిస్టన్లు పడుంటాయి. చదివింది ఏడో తరగతి. చిన్నప్పుడు ఒక రేసు టీము వెంట సామాను మోస్తూ మద్రాసు దాకా పోయి, అక్కడ ఇంజన్ల పిచ్చి అంటించుకుని వచ్చాడు.

రేసు ఇంజన్ చేయడమంటే ఖరీదైన సామాను కొని బిగించడమని చాలామంది అనుకుంటారు. ఐలయ్య పని చూస్తే ఆ మాట అనరు. గాలీ పెట్రోలూ కలిసి ఇంజన్‌లోకి పోయే దారిని చిన్న రాతిముక్కతో అరగదీస్తూ రోజులు గడుపుతాడు. మధ్యలో చిటికెనవేలు లోపల పెట్టి కళ్లు మూసుకుంటాడు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని నెత్తి మీద ఎంత సందు మిగులుతుందో తెలుసుకోవడానికి లోపల మెత్తటి సీసపు తీగముక్క పెట్టి, ఇంజన్‌ను చేత్తో ఒక్క చుట్టు తిప్పుతాడు. నలిగిన తీగ మందం కొలుస్తాడు. కొలిచి నా దగ్గరికి వస్తాడు.

"భాస్కరూ, ఇంక జర గియ్యి. ఎంట్రుకంత."

"ఎంట్రుకంత అంటె ఎంతనే?"

"నీ నెత్తి మీదిది గాదు. పసిపోరల ఎంట్రుకంత."

అలా ఒక హెడ్డును, అంటే ఇంజన్ పైమూతను, నాతో పదిసార్లు గీకించిన రోజులున్నాయి. నేను తిట్టేవాణ్ణి, గీకేవాణ్ణి. ట్రాక్ మీద బండి తిరిగి వచ్చాక ప్లగ్గు విప్పి చూసేవాడు. లోపలి తెల్లటి పింగాణీ వేయించిన పల్లీ రంగుకు వస్తే పెట్రోలు సరిగ్గా కాలినట్టు, ఆ పూట మనిషి నవ్వుతూ అన్నం తినేవాడు. లేదంటే ఆయన భార్య పోచమ్మ పళ్లెం తీసుకుని వెనక్కి పోవలసిందే.

ఇంత పనీ అర్థం కావాలంటే నడిపేవాళ్లకు కూడా ఒళ్లంతా తెలివి ఉండాలి. అలాంటి మనిషి ఐలయ్యకు ఒక్కతే దొరికింది. పేరు వర్షిత. పుప్పాలగూడ అమ్మాయి, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఉద్యోగం. సెలవులు కూడబెట్టుకుని చెన్నై దగ్గరి ట్రాక్‌లో రేసులు ఆడుతుంది. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినప్పుడు తడబడిందో, బండి దిగగానే హెల్మెట్ కూడా తీయకుండా చెప్పేది.

"కాకా, తొమ్మిది వేలు దాటంగనె జర ఊపిరి అందుతలేదు దీనికి."

ఐలయ్య వెంటనే హెడ్డు విప్పేవాడు. ఆమె చెప్పిన చోటే తప్పు దొరికేది. ఆమె కోసమే రెండేళ్లు కూర్చుని ఒక ఇంజన్ తయారుచేశాడు. అతనికి ఇంకే కోరికా లేదు. ఆ ఇంజన్ మీద ఆ పిల్ల ఒక్కసారి అందరికంటే ముందు గీత దాటాలి. ఆ మాట నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

సరిగ్గా అప్పుడే యశ్వంత్ అనేవాడు వచ్చాడు. కడప నుంచి వచ్చి ఇక్కడ విల్లాలు కట్టి అమ్ముతున్న శ్రీనివాసులు గారి కొడుకు. మనబోటివాళ్ల ఎన్ని నెలల జీతానికీ దొరకని బండి వాడిది. షెడ్డు ముందు దాన్ని మళ్లించడానికి రెండు కాళ్లూ నేల మీద పెట్టి కప్పలాగా గెంతాడు. అది చూసిన క్షణమే ఐలయ్య మొహం మాడిపోయింది.

"అంకుల్, ఫుల్ పవర్ కావాలి. కోకాపేట కొత్త రోడ్డు మీద నన్నెవడూ దాటకూడదు."

"ఇప్పుడున్న పవరే నీకు ఎక్కువ బాబు. నేను చెయ్య," అన్నాడు ఐలయ్య. వాడు మొహం గంటు పెట్టుకుని పోయాడు.

మర్నాడు వాళ్లమ్మ జయమ్మ వచ్చింది. కారు దిగి, ఆ గ్రీజు నేల మీదే ఒక డబ్బా బోర్లించుకుని కూర్చుంది.

"అన్నా, నువ్వు కాదంటే వాడు ఇంకోని కాడికి పోతాడు. వాడు అడిగింది చేసి ఇస్తారు. మా చెల్లెలి కొడుకు ఇట్లనే పోయినాడు. ఇంకా ఏడాది తిరగల్యా. చెప్తే ఇనే రకం కాదు వీడు. ఏదో ఒకటి నువ్వే చెయ్యన్నా."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆమె పోయాక ఐలయ్య బండి పంపమని కబురు చేశాడు.

అతను చేసిన మోసం వింటే మీరూ నవ్వుతారు. పొగగొట్టం కురచ చేసి నోరు తెరిచాడు. ఈ కాలపు బండ్లలో ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా ఉంటుంది. లాప్‌టాప్ తగిలించి దాని లెక్కలు మార్చాడు. ఇప్పుడు యాక్సిలరేటర్ కొంచెం తిప్పగానే బండి ముందుకు దూకుతుంది, గుండె జారిపోతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా ఇంకేమీ రాదు. సగం బలం లోపలే కట్టేశాడు. చెయ్యి వదలగానే కాలని పెట్రోలు గొట్టంలోకి పోయి పేలుతుంది. వినేవాడికి విమానం, లోపల ఉన్నది నత్త.

యశ్వంత్ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి వాడికి. "అంకుల్, రాకెట్! ఇది బండి కాదు, రాకెట్!"

వాడు సందు తిరిగేదాకా ఆపుకుని, ఐలయ్య గోడకు చేరగిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. జయమ్మ డబ్బా నిండా ఓళిగలు చేసి పంపింది. ఆ వారం మాకు బాగానే గడిచింది.

ఆ తర్వాతే మొదలైంది రోత. వాడు రీలు పెట్టాడు. లక్షల మంది చూశారట. పైవారం నుంచి షెడ్డు ముందు బండ్ల వరస. బాచుపల్లి నుంచి, కొండాపూర్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో. ఒక్కడు కూడా ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. "యశ్వంత్ బండి లాగా పేలాలి అంకుల్." అంతే. గొట్టంలో మంట రావాలి, నీలంగా రావాలి, ఫోన్లో పడాలి. మెడలో కంపెనీ ట్యాగులు వేసుకుని, వాళ్ల రేపటి మీటింగుల గురించి మాట్లాడుకుంటూ, మధ్యలో ఒకసారి బండి రెయిజ్ చేసి ఇకిలించేవాళ్లు. ఉమ్మి, తాగిన టీ కప్పులు, సిగరెట్ పీకలు నా గుమ్మం ముందు. ఆ గుంపును తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

"నీకు సిగ్గుగ లేదానే?" అని అడిగాను ఒకరోజు. "ఊరందరి చెవులు పగలగొడుతున్నవ్."

"చెవులే పోతయ్, తలకాయలు పోవు గద," అన్నాడు. "నేను చేసిచ్చిన బండి మీద ఒక్కడు గూడ సావడు భాస్కరూ. రాసిస్త."

ఆ మాట నిజమే. అదే నాకు ఇంకా మంట. మంచి కోసం మొదలుపెట్టిన పని మనిషిని ఎలా కుళ్లబెడుతుందో కళ్లముందే చూడవలసి వచ్చింది. ఎదుటి టవర్లోంచి ఒక పెద్దాయన వచ్చి దండం పెట్టి మరీ బతిమాలాడు, ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉందని. పోలీసులు బండ్లు ఆపి గొట్టాలు పీకేశారు. పీకించుకున్నవాళ్లు మర్నాడే కొత్త గొట్టం కోసం వచ్చి వరసలో నిలబడ్డారు. పోచమ్మ చీపురు పట్టుకుని బయటికి వచ్చి అందరూ వినేలా అంది: "ఈ కొట్టంల బర్రెలున్నప్పుడే నయముండె. అవి పేడ ఏసినా సప్పుడు జెయ్యకుంట ఏసినయ్."

ఐలయ్య నవ్వలేదు. ఆ రోజుల్లో అతను రాయి పట్టి హెడ్డు అరగదీయగా నేను చూడలేదు. సీసపు తీగ చుట్ట మేకుకు వేలాడుతూ ఉండేది. వచ్చిన బండికి గొట్టం మార్చడం, లాప్‌టాప్ తగిలించడం, తర్వాతి బండి. చేతులకు ఉన్న విద్య చేతుల్లోనే ముక్కిపోతోంది.

ఆ గొడవలోనే వర్షిత చెన్నై పోయి, ఐలయ్య తనకోసం చేసిన ఇంజన్ మీద రెండో స్థానంలో వచ్చింది. బండి పొడవంత తేడాలో మొదటిది తప్పింది. అరిగిన టైర్ల మీద, సొంత ఖర్చుతో పోయి వచ్చిన రెండో స్థానం అది. కప్పు తెచ్చి షెడ్డులో పెడితే ఆ వరసలో నిలబడ్డ వెధవలు ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. యశ్వంత్ బండి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఐలయ్య మాత్రం ప్లగ్గు విప్పి చూసి, "పల్లీ రంగు," అన్నాడు మెల్లగా. "వచ్చేసారి మనదే బిడ్డా."

తర్వాతి వారం వర్షిత వచ్చి అసలు సంగతి చెప్పింది. ఏదో కూల్‌డ్రింక్ కంపెనీవాళ్లు ఆమెకు టైర్లు, ఖర్చులు ఇస్తామన్నారట.

"మన బండికి గూడ ఆ సౌండ్ పెట్టు కాకా."

ఐలయ్య అర్థం కానట్టు చూశాడు. "అది పెడితె బండి పోదు బిడ్డా. మొత్తుకుంటది, గంతే."

"తెలుసు. యశ్వంత్ బండి ఒకసారి నడిపిన. అంత ఉత్తదే."

"మరి?"

"వాళ్లు సౌండ్ కావాలంటున్నరు. వీడియోల గూడ, రేసుల గూడ."

"రేసుల గూడనా? ఆఖరుకు వస్తవే!"

"సెకండ్ వస్తె ఎవడు అడిగిండు కాకా? నువ్వు నన్ను ఇంకా పాత టైర్ల మీదనే పంపుతున్నవ్. ఎన్నేండ్లు పోవాలె నేను అట్ల?"

ఆ అమ్మాయి మాటలో అబద్ధం లేదు. టైర్లు అరిగినవే. అవతల ఆమె చేసే ఉద్యోగం, పెట్టే సెలవులు, పడే దెబ్బలు నేనూ చూశాను. అయినా ఆ మాట ఆ నోట వినేసరికి కుళ్లిన గుడ్డు పగిలినట్టయింది నాకు.

ఐలయ్య సరేనన్నాడు. కానీ ఆ ఇంజన్ మీద ఆ పని చేయడానికి అతనికి చేతులు రాలేదు. దాన్ని బండిలోంచి దించి, శుభ్రంగా తుడిచి, గోనెపట్టా మీద పెట్టాడు. దాని స్థానంలో యాక్సిడెంట్ బండిది ఒక మామూలు ఇంజన్ ఎక్కించి, చప్పుడు గొట్టం బిగించాడు.

"ఏందే ఇది?" అన్నాను.

"సూద్దువు తియ్యి. ఆ పిల్లకు తెలుస్తది. నాలుగు గజాలు పోంగనె తెలుస్తది. దిగి నన్ను బూతులు తిడుతది. అప్పుడు మన ఇంజన్ మల్ల ఎక్కిస్త. ఇగ ఆ ముచ్చట తియ్యది." అలా చెబుతుంటే ఎన్నో నెలల తర్వాత అతని మొహంలో కళ కనిపించింది.

ఆదివారం పొద్దున కోకాపేటలో ఇంకా ఇళ్లు కట్టని ఒక లేఅవుట్ రోడ్డు మీద నిలబడ్డాం. కంపెనీ తరఫున వీడియో తీసే అతను కూడా వచ్చాడు. వర్షిత బండి ఎక్కి పోయింది. టపటపమని మోతలు. చివర మలుపు తిరిగి, మంట కక్కుకుంటూ వచ్చి మా ముందు ఆగింది. హెల్మెట్ తీసింది.

"కాకా, ఇది మన ఇంజన్ గాదు గద?"

ఐలయ్య రెండడుగులు ముందుకు వేశాడు. "ఎట్ల తెలిసింది?"

"మూడో గేర్ల. ఏడు వేల కాడనె సచ్చిపాయె. మనది గట్ల పోదు."

ఐలయ్య నా వైపు తిరిగి చూశాడు. కొడుకు పరీక్ష పాసైన తండ్రి చూసినట్టు చూశాడు. అప్పటికే జేబులోంచి స్పానర్ తీశాడు. "నాకెరకే బిడ్డా! ఆగు, పగటి అన్నం యాల్లకు మన ఇంజన్ ఎక్కిచ్చి ఇస్త."

వీడియో తీసిన అతను ఫోన్ ఆమె చేతికిచ్చాడు. వర్షిత తెర మీద తన బండి మంటలు కక్కడం ఒకసారి చూసింది. ఇంకోసారి చూసింది.

"వద్దులే కాకా," అంది తల ఎత్తకుండా. "దీన్నే ఉండనియ్యి. సౌండ్ దీనికే మంచిగొస్తున్నది."

ఐలయ్య స్పానర్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తెలియక ఉత్త చప్పుడుకు ఒప్పుకున్నవాళ్లను చూసి ఇన్నాళ్లూ నవ్వుకున్నాడు. అంతా తెలిసిన మనిషి ఒప్పుకుంటే ఏం చేయాలో అతనికి తోచలేదు. నాకు మాత్రం అక్కడే ఉమ్మేయాలనిపించింది, ఎవరి మీద అంటే చెప్పలేను.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి ముందు ఆరేడు బండ్లు నిలబడి ఉన్నాయి. ఐలయ్య లోపల గోనెపట్టా మీద ఉన్న ఇంజన్ వైపు చూడకుండానే లాప్‌టాప్ తీసుకుని బయటికి వచ్చాడు. వరసలో మొదట ఉన్నవాణ్ణి చెయ్యి ఊపి పిలిచాడు.

"రా బాబు. నీకెంత సప్పుడు గావాలె?"