బుచ్చవ్వ లోపలి మాట

బౌరంపేట్‌లో మా మిత్రుడు చలపతిరావు ఉండే అపార్ట్‌మెంట్లలో బుచ్చవ్వ మెట్లు ఊడుస్తుంది. ఊడుస్తూ తనతో తనే గట్టిగా మాట్లాడుకుంటుంది. "బుచ్చవ్వా, గా మూలకు దుమ్మున్నది సూడు. ఇగ బకెట్ జరుపు." అక్కడివాళ్ళు మొదట చెవిలో ఫోనుందనుకున్నారు. లేదని తెలిశాకే భయపడ్డారు. సూపర్‌వైజర్ రఘునందన్ పిలిచి, ఇంకో కంప్లయింట్ వస్తే పని పోతుందన్నాడు. పెనిమిటికి మోకాళ్ళు పట్టేశాయి. ఇంటికి ఆ జీతమే దిక్కు.

ఆమె పుట్టింది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంట్లో. చలికాలం పొద్దున మంచు కమ్మితే పక్క తెప్ప కనపడదు. అందుకే వల వేసినా, లాగినా, చేసే పని పైకి చెబుతూ ఉండాలని వాళ్ళ బాపు నేర్పాడు. మాట వినపడితే మనిషి ఉన్నట్టు. చెరువు వదిలినా ఆ అలవాటు పోలేదు.

రఘునందన్ హెచ్చరించాక కొంగు నోట్లో కుక్కుకుని ఊడ్చింది. పని పైకి చెప్పుకోక, ఎక్కడిదాకా వచ్చిందో తెలియక ఊడ్చిన మెట్లే మళ్ళీ ఊడ్చింది, బకెట్ లిఫ్టులో మరిచిపోయింది. కొన్నాళ్ళకు కుదుటపడింది. ఎలాగని నేను అడిగితే మెట్టు మీద కూర్చుంది.

"నోరు మూస్తే మాట ఆగుతదనుకున్న సారూ. ఆగలే. లోపలికి వోయి కూసున్నది. పైకైతే పని ముచ్చటే. లోపల మస్తు చెప్తాంది, ఎవలను తిట్టాల్నో గూడ."

ఆ మాటకు నాకొకటి గుర్తొచ్చింది. ఒకప్పుడు ఒక గుహలో ఆదిమానవుడు వేసిన ఎర్రటి చేతిముద్ర ముందు చాలాసేపు నిలబడ్డాను. ‘ఇది నా చెయ్యి’ అని మొదట తోచిన మనిషికి అది ఎలా తోచింది? నా ఊహ ఇది. గుంపులో ఒకరి జాడ ఒకరికి తెలియడానికి పుట్టిన మాట, ఏదో ఒకనాడు ఆ గుంపుకే జడిసి లోపలికి పోయి ఉంటుంది. అక్కడ వినేవాళ్ళు లేరు. చెప్పేదీ వినేదీ ఒక్కరే కావలసి వచ్చింది. ఆ ఒక్కరినే ‘నేను’ అన్నామేమో. రుజువు అడగకండి. తవ్వితే పుర్రెలు దొరుకుతాయి గానీ లోపలి మాట దొరకదు.

బుచ్చవ్వా నేనూ మాట్లాడుతుండగానే రఘునందన్ వచ్చాడు. కంప్లయింట్లు ఆగాయి, పనికి ఢోకా లేదన్నాడు. "ఇప్పుడు మాట్లాడ్తలెవ్వు. మంచిగైంది అవ్వా."

"మాట్లాడ్తనే ఉన్న బిడ్డా. నీకు ఇనవడ్తలేదు."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. బుచ్చవ్వ అతని వీపు వంక చూస్తూ పెదవులు బిగబట్టుకుంది. లోపల ఏమన్నదో చెప్పమన్నాను.

బుచ్చవ్వ చీపురు తీసుకుని పై అంతస్తుకు వెళ్ళింది.