దిండు కింద వజ్రాలు

నా ఉద్యోగం ఏమిటని బందరులో ఎవరైనా అడిగితే వజ్రాల దగ్గర మొదలుపెడతాను. రెండు వజ్రాల మొనలు చదును చేసి, ఎదురెదురుగా నిలిపి, మధ్యలో కంటికి ఆనని ఇనుప రేణువును ఇరికించి మరలు బిగిస్తాం. భూగర్భంలో ఇనుము ఎంతగా నలుగుతుందో ఇక్కడా అంత నలగాలి. దాన్ని లేజరుతో కాలుస్తూ, వజ్రాల గుండా ఎక్స్‌రేలు పంపి, కరగడం ఎక్కడ మొదలైందో ఫొటో తీస్తాం. అంతా విని, "అసలు వజ్రాలేనా అండీ?" అంటారు.

మా అమ్మ అలా అనలేదు. ఆవిడ కోర్టులో గుమాస్తా. "పగిలితేనో?" అంది.

పగులుతాయి. ఆ ఏడాది మాకు అదే పనైపోయింది. ఒత్తిడి పెరిగి, వేడి అందుకుని, ఇక ఫొటో తీద్దామనేసరికి టప్పుమనేది. చివరికి ఒక్క జత మిగిలింది. ఎక్స్‌రే యంత్రం మీద మాకు ఇంకొక్క రోజే ఇచ్చారు. ఈసారీ ఫొటో రాకపోతే ఈ పని కట్టిపెట్టేద్దామని మా ల్యాబు పెద్దాయన తేల్చేశారు. నా ఇన్నేళ్ళ చాకిరీ ఆ జత మీద నిలబడింది.

ఆ మధ్యలోనే నాన్న తద్దినానికి బందరు వెళ్ళాను. నాన్న పోయిన రోజు అమ్మ గుడివాడలో పిన్ని ఇంట్లో ఉంది. కబురంది బయలుదేరి, పామర్రులో బస్సు కోసం నిలబడి, బందరు ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎత్తదు. నేనూ ఎత్తను.

భోజనాలయ్యాక అమ్మ బీరువాలోంచి తన వజ్రాల దుద్దులు తెచ్చింది. నాన్న పోయాక తీసేసినవి.

"ఇవి పనికొస్తాయేమో చూడవే. బీరువాలో ఉండి ఏం చేస్తాయి?"

"మరీ చిన్నవమ్మా."

"చిన్నవా! మీ నాన్నగారు వింటే ఊరుకునేవారు కాదు." దుద్దులు మళ్ళీ బీరువాలో పెడుతూ, "మీ రాళ్ళు అచ్చొచ్చాయో లేదో చూసుకున్నారా?" అంది.

మా ఇళ్ళల్లో కొత్త వజ్రం కొంటే వెంటనే పెట్టుకోరు. దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. పీడకలలొస్తే కొట్టువాడికి తిరిగిచ్చేస్తారు. "అదేం చూడకుండా బిగించేస్తే పగలవా మరి?" అంది. నాకు నవ్వాగలేదు.

"నవ్వు, నవ్వు. వాయిదా మీద వాయిదా పడుతోంది నాకా, నీకా?"

తిరిగి వెళ్ళాక ఆ జతను డబ్బాతో సహా దిండు కింద పెట్టుకున్నాను. డాక్టరేటు చేసిన మనిషి చెప్పుకోదగ్గ విషయం కాదు. కలలేమీ రాలేదు.

మాకిచ్చిన ఆ ఒక్క రోజూ వచ్చింది. మరలు బిగించాం. వేడి పెంచాం. తెర మీద బొమ్మ పడింది. ఇనుములోని పలుకుల అంచుల వెంట సన్నటి గీతలు. కరగడం అక్కడే మొదలైంది. ఇంకో ఫొటో తీసేలోపే టప్పుమంది. పగిలిన వజ్రంకేసి ఎవరూ చూడలేదు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం అమ్మకు ఫోను చేశాను.

"వజ్రం పగిలిందమ్మా."

"అయ్యో!"

"కాదు, ఫొటో వచ్చాకే పగిలింది. కరగడం కళ్ళారా చూశాను."

అవతల టైపు మిషను చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు చూసేదాకా ఆగిందన్నమాట," అంది.

"ఆగింది."

"మీ నాన్నగారు ఆగలేదే."

జడ్జిగారు వచ్చేశారని చెప్పి ఫోను పెట్టేసింది.